మీ ఉత్తరం – డాక్టరు జవాబు: ‘మా అత్తగారికి గాలి సోకిందంటున్నారు’

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. మా అత్తగారికి 68 ఏళ్ళు. పలాస జీడి ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పప్పు ఏరిన మనిషి. చూపు పడితే చాలు, గుండు పప్పు ఒకవైపు, బద్దలు ఒకవైపు చేసేసేవారు. నాలుగేళ్ళ కిందట కిడ్నీ జబ్బు అని తేలింది. మొన్నటి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూసే అంకె) 2.1 వచ్చింది. ‘కొంచెమే ఎక్కువ, డయాలసిస్ అక్కర్లేదు’ అన్నారు. షుగరు కూడా ఉంది, దానికి రోజూ బిళ్ళ వేసుకుంటారు.

సంక్రాంతి వెళ్ళాక అరికాళ్ళ మంటలు ఎక్కువైపోయాయి. ఒకచోట చూపిస్తే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి బిళ్ళ రాసిచ్చారు. ఒంటి దురదకి ఊళ్ళో ఇంకొకటి ఇచ్చారు. నిద్రకి మరొకటి. పది పన్నెండు రోజుల నుంచి అత్తగారు మా మనిషిలా లేరు. పగలంతా మగతగా పడుకుంటారు. రాత్రయితే లేచి కూర్చుని, ‘ఒలే గుంటా, మీ మావయ్య కల్లం కాడ ఉన్నాడు, గంజి ఒట్టుకెళ్ళు’ అంటారు. మా మావగారు పోయి ఏడేళ్ళయింది. నడిస్తే తూలుతున్నారు. చేతిలో గ్లాసు ఉన్నట్టుండి విదిలించినట్టు ఎగిరి పడిపోతోంది. ఒక్కో పొద్దున మాత్రం బాగానే మాట్లాడతారు. మా ఆయన చెన్నైలో వెల్డింగ్ పనికి వెళ్ళారు. ఇక్కడ అందరూ గాలి సోకిందంటున్నారు, తాయెత్తు కూడా కట్టించారు. ఇంకొందరు వయసు మీదపడి మతి పోయిందంటున్నారు. ఇది మతిమరుపు జబ్బా? కిడ్నీ జబ్బు తలకెక్కిందా? మందులన్నీ ఆపేయమంటారా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

— ఒక కోడలు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం అడుగున ఫోను నంబరు రాయడం ఎంతో మేలు చేసింది. ఇలాంటి విషయానికి పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగకూడదు. అందుకే ఆ సాయంత్రమే నీతో మాట్లాడాను. మనం మాట్లాడుకున్నది, తర్వాత జరిగింది మిగతా ఇళ్ళకీ పనికొస్తుందని, నీ అనుమతితో ఇక్కడ రాస్తున్నాను.

నీ ఉత్తరంలో నేను గట్టిగా పట్టుకున్న మాట ‘పది పన్నెండు రోజుల నుంచి’. వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు సంక్రాంతికి లేకుండా శివరాత్రికి వచ్చేయదు. అది నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. రోజుల్లో వచ్చి, పొద్దున తగ్గి రాత్రి పెరుగుతూ, మగతతో కలిసి ఉండేది వేరు. మన పెద్దవాళ్ళు దాన్ని సంధి ప్రేలాపన అనేవారు. అది మెదడు అరిగిపోవడం వల్ల కాదు, మెదడుకి ఏదో అడ్డుపడటం వల్ల వస్తుంది. ఆ అడ్డు ఏమిటో కనిపెట్టి తీసేస్తే చాలామంది తిరిగి మామూలు మనుషులవుతారు. రెండో గుర్తు, చెయ్యి విదిలించినట్టు ఎగరడం. గాలి సోకడం, వయసు అనే మాటలతో ఆ గుర్తు పొసగదు. కిడ్నీ జబ్బు ఉన్న మనిషిలో అలా కనిపిస్తే ఒంట్లో యూరియా, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం, బాగా పెరిగిందా, లేక ఏదైనా మందు పేరుకుపోయిందా అని ముందు వెతుకుతాం.

అందుకే నిన్ను మందుల సంచి తెచ్చుకుని కూర్చోమన్నాను. రేకు మీద అక్షరాలు ఒక్కొక్కటే చదివావు. చాలా ఓపిగ్గా చదివావు తల్లీ. కాళ్ళ మంటలకి ప్రీగాబాలిన్ 75, రోజుకు రెండు. దురదకి ఫెనిరమిన్, అంటే అందరూ అవిల్ అనే బిళ్ళ. నిద్రకి ఆల్‌ప్రజోలం. షుగరుకి గ్లిమిపిరైడ్. ఈ నాలుగూ మెదడు మీద ఏదో ఒక రకంగా పనిచేసేవే. షుగరు బిళ్ళ నేరుగా చేయదు గాని, చక్కెర మరీ పడిపోయేలా చేసి అదే పని చేస్తుంది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళమని నేను పట్టుబట్టింది ఇందుకే. మెలకువగా ఉండి మింగగలిగితేనే చక్కెర నీళ్ళు తాగించమన్నాను. మగతలో ఉన్న మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రిలో చూస్తే చక్కెర 58 ఉంది.

కిడ్నీ పని తగ్గేకొద్దీ ఇన్సులిన్ కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన షుగరు బిళ్ళే ఇవాళ ఎక్కువైపోతుంది. ‘మా అమ్మకి షుగరు నయమైపోయింది, బిళ్ళ సగం చేసినా బాగానే ఉంటోంది’ అని సంబరంగా చెప్పేవాళ్ళని చూశాను. నాకు మాత్రం అది వినగానే క్రియాటినిన్ చూడాలనిపిస్తుంది. గ్లిమిపిరైడ్‌తో పడిపోయిన చక్కెర ఒకసారి ఎక్కించినా మళ్ళీ పడిపోవచ్చు. అందుకని ఇంట్లో చక్కెర నీళ్ళిచ్చి సరిపెట్టుకోకుండా ఒక రోజైనా ఆసుపత్రిలో ఉంచాలి.

చక్కెర సరిచేశాక కూడా ఆమె తేరుకోలేదని మర్నాడు చెప్పావు. అప్పుడు మిగిలిన అనుమానం ప్రీగాబాలిన్ మీదికి వెళ్ళింది. ఆ మందు కాలేయంలో అరిగిపోయేది కాదు. దాదాపు మొత్తం మూత్రంలోనే బయటికి పోవాలి. ఆ దారి మూసుకుపోతే ఇవాళ్టి బిళ్ళ వెళ్ళకముందే రేపటిది వచ్చి చేరుతుంది.

‘క్రియాటినిన్ 2.1, కొంచెమే ఎక్కువ’ అన్న మాట దగ్గర ఇక్కడ కాస్త ఆగాలి. ఆ మాటే ఎందరినో మోసం చేస్తోంది. క్రియాటినిన్ కండల నుంచి పుడుతుంది. మీ అత్తగారి బరువు 42 కిలోలు అన్నావు. కండ తక్కువగా ఉన్న మనిషిలో కిడ్నీ బాగా పాడైనా క్రియాటినిన్ అంత ఎక్కువగా కనిపించదు. మందుల మోతాదుకి మేం వాడే పాత లెక్క ఒకటుంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72ని క్రియాటినిన్‌తో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. ఆడవాళ్ళయితే వచ్చిన దానిని 0.85తో గుణించాలి. మీ అత్తగారికి 140లోంచి 68 పోతే 72. దాన్ని 42తో గుణించి, 72 గుణించు 2.1తో భాగిస్తే 20. దాన్ని 0.85తో గుణిస్తే 17. అంటే కిడ్నీలు నిమిషానికి 17 మిల్లీలీటర్ల మేరకే రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళలో ఇది 100 దాకా ఉంటుంది. ఇదే 2.1 క్రియాటినిన్ 80 కిలోల నలభై ఏళ్ళ మగవాడికి వస్తే లెక్క 53 దగ్గర తేలుతుంది. కాగితం మీద అంకె ఒకటే, మనుషులు వేరు.

ప్రీగాబాలిన్ రోజుకు 150 మిల్లీగ్రాములు మంచి కిడ్నీలున్నవారికి మొదలుపెట్టే మోతాదే. రాసినవాళ్ళు తప్పుడు మందు రాయలేదు. కాళ్ళ మంటలకి అది సరైన మందే. కాని 17 దగ్గర ఉన్న మనిషికి దానికి సమానమైన మోతాదు రోజు మొత్తానికి 25 నుంచి 50 మిల్లీగ్రాములు. ఆమెకి మూడు నుంచి ఆరింతలు వెళ్ళింది. దాని మీద అవిల్, ఆ మీద నిద్రబిళ్ళ. దురద బిళ్ళలు మగత తెచ్చి ఊరుకోవు. ముసలివాళ్ళలో జ్ఞాపకాన్ని, ధ్యాసని కూడా తగ్గిస్తాయి. నోరు ఎండిపోవడం, మూత్రం బిగబట్టినట్టవడం వాటి వల్లే. దేనికది చిన్న బిళ్ళే, మూడూ ఒకే తలలో కలిశాయి.

ప్రీగాబాలిన్‌కి అన్న లాంటి మందు గబాపెంటిన్. దాని లెక్క చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు మనిషి ఒంట్లోంచి సగం మందు 5 నుంచి 7 గంటల్లో పోతుంది. మూత్రమే రాని రోగికి, డయాలసిస్ చేయని రోజుల్లో, ఆ సగం పోవడానికి 132 గంటలు పడుతుంది. అంటే అయిదున్నర రోజులు. అదే మనిషిని డయాలసిస్ మీద పెడితే సుమారు 4 గంటల్లో సగానికి దిగుతుంది. అందుకే డయాలసిస్ రోగులకి దాన్ని డయాలసిస్ అయిన రోజు, అయ్యాక, చిన్న మోతాదులో ఇస్తాం. రోజుకు మూడుసార్లు వేసుకోమని ఎవరైనా రాస్తే, ‘నేను డయాలసిస్ మీద ఉన్నానండీ’ అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. అది డాక్టరుని తప్పు పట్టడం కాదు.

మందులన్నీ ఆపేయమంటారా అని అడిగావు. వద్దు. అన్నీ ఒక్కసారి మీ అంతట మీరు ఆపకూడదు. ఆల్‌ప్రజోలం రోజూ వేసుకునేవారు చటుక్కున మానేస్తే ఫిట్స్ రావచ్చు. బీపీ మందు ఆపితే పక్షవాతం దాకా పోవచ్చు. ఏది ఆపాలి, ఏది సగం చేయాలి, ఏది మెల్లగా దించాలి అన్నది మందుల చీటీలన్నీ ఒకచోట పెట్టుకుని ఒక డాక్టరు చూసి చెప్పాలి. మీ అత్తగారికి ఆసుపత్రిలో సోడియం, యూరియా, హిమోగ్లోబిన్ చూశారు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూశారు. అది మంచి పని. మందు మీద అనుమానం ఉన్నా మిగతావి చూడకుండా వదలకూడదు. సోడియం పడిపోయినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఇలాగే మాట్లాడతారు.

అయిదో రోజు నువ్వు ఫోను చేసి, ‘బాబూ, మా అత్త నన్ను పేరెట్టి పిలిచింది’ అని ఏడ్చావు. ఆ రోజు నాకు వేరే పని మీద మనసు పోలేదు. తర్వాత ఆవిడే ఫోను తీసుకుని, ‘అంతా బాగానే ఉందిగాని డాక్టరు బాబూ, నా కాళ్ళ మంట మాటేటి?’ అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. మందు వికటించిందని నొప్పిని గాలికి వదిలేయకూడదు. అదే ప్రీగాబాలిన్‌ని 25 మిల్లీగ్రాములకి దించి, రాత్రిపూట ఒక్కటే ఇస్తున్నారు. దురదకి అవిల్ తీసేసి, ఒంటికి రోజూ రెండుసార్లు కొబ్బరినూనె రాయమన్నారు. కిడ్నీ దురదలో సగం బాధ చర్మం ఎండిపోవడమే. మన ఉద్దానం అంటేనే కొబ్బరితోటల సీమ, కొబ్బరినూనెకి కరువు లేదు కదా. షుగరు మందు మార్చారు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఆమె మునుపటంత చురుగ్గా ఉండకపోవచ్చు. కిడ్నీ జబ్బు తనంతట తానే మెదడు వేగాన్ని తగ్గిస్తుంది. రక్తం తగ్గడం, చిన్న రక్తనాళాలు పాడవడం, ఒంట్లో మలినాలు నిలవడం, అన్నీ కలిసి పనిచేస్తాయి. పేర్లు మరిచిపోవడం కంటే ధ్యాస నిలవకపోవడం, లెక్కలో తడబడటం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం ముందు కనిపిస్తాయి. పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోతే కసురుకోవద్దు. ఇప్పటికే కాస్త నెమ్మదించిన మెదడు కాబట్టే, వేరేవాళ్ళు తట్టుకునే మందు కూడా దాన్ని పడగొడుతుంది.

మీ చుట్టుపక్కల వాళ్ళందరికీ ఒకటి చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో నేను పదకొండేళ్ళు ప్రభుత్వ డాక్టరుగా తిరిగాను. మన ఉద్దానం కిడ్నీ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది. చాలామందిలో కాళ్ళవాపు ఉండదు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, షుగరు, బీపీ కూడా ముందు ఉండవు. కొబ్బరి చెట్టెక్కి దింపు తీస్తున్న మనిషికే క్రియాటినిన్ 4 ఉన్న రోజులు చూశాను. అంటే జబ్బు ఉందని తనకే తెలియకుండా పెద్ద మోతాదు మందులు వేసుకునేవాళ్ళు ఇక్కడ ఎక్కువ. ఏ మందైనా వారానికి మించి వాడాల్సి వస్తే ముందు ఒక్క క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. ఇదివరకటిలా ప్రతిదానికీ విశాఖ బస్సెక్కక్కర్లేదు.

కిడ్నీని చూసి మోతాదు తగ్గించాల్సినవి పైన చెప్పిన మందులే కావు. ఒంటికి అక్కి వచ్చిందనుకోండి. మామూలు మనిషికి ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు అయిదుసార్లు ఇస్తారు. కిడ్నీ దాదాపు పనిచేయని మనిషికి అదే బిళ్ళ రోజుకు రెండుసార్లు చాలు. అయిదుసార్లు వేసుకున్న డయాలసిస్ రోగి రెండు మూడు రోజుల్లో గోడ మీద ఏవో పాకుతున్నాయంటాడు. అక్కి తలకెక్కిందని భయపడతారు, కాని ఎక్కింది మందు. నొప్పులకి రాసే ట్రమడాల్, వాంతులకి వేసే మెటోక్లోప్రమైడ్, జ్వరానికి పెట్టే సెఫిపిమ్ ఇంజెక్షను, లెవోఫ్లాక్సాసిన్ బిళ్ళ, వీటన్నిటికీ ఇలాంటి సంగతే ఉంది. జలుబు సిరప్‌లో కూడా అవిల్ తరహా మందు కలిసి ఉంటుంది. వీటిని వాడొద్దని నేననడం లేదు. రాసేవాళ్ళకి, అమ్మేవాళ్ళకి, పన్ను పీకేవాళ్ళకి కూడా ‘కిడ్నీ జబ్బు ఉంది, ఇదిగో క్రియాటినిన్’ అని ముందే చెప్పండి. కొత్త మందు మొదలైన తేదీ రేకు మీదే పెన్నుతో రాసిపెట్టుకోండి. మతి తేడా వచ్చిన రోజు ఆ తేదీ పక్కన పెట్టి చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: మా ఆయన వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు. నాలుగు రోజులుగా ఎక్కిళ్ళు ఆగడం లేదు. మా మరిది దగ్గర ఎక్కిళ్ళకి ఇచ్చిన బాక్లోఫెన్ 10 బిళ్ళలు మిగిలాయి. వేయమంటారా? — సోంపేట నుంచి ఒక సోదరి

జవాబు: వేయకు చెల్లెమ్మా. ఆ మిగిలిన రేకు ఇంట్లోంచే తీసేయి. ఈ మందు గురించి నాకు పుస్తకం చెప్పకముందు ఒక రోగి చెప్పాడు.

ఉద్దానంలో పనిచేసిన తొలి రోజుల్లో, డయాలసిస్ మీద ఉన్న ఒకాయనకి ఇలాగే ఎక్కిళ్ళు వచ్చాయి. నేనే బాక్లోఫెన్ 10 రోజుకు మూడుసార్లు రాశాను. రెండో రోజు సాయంత్రం ఆయన్ని మంచం మీదే మోసుకొచ్చారు. పిలిస్తే పలకడు, గిల్లితే మూలుగుతాడు. పక్షవాతం అనుకున్నాను. చీటీ చూస్తే కింద నా సంతకమే ఉంది. వరసగా రెండుసార్లు డయాలసిస్ చేశాక కళ్ళు తెరిచాడు. ఆ రాత్రి ఆయన భార్య వరండాలో కూర్చుని ఉంటే, ‘నేను రాసిన మందు వల్లే అమ్మా’ అని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్ళింది. ఆ ఇంటికి తర్వాత చాలాసార్లు వెళ్ళాను.

బాక్లోఫెన్ కూడా ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. 2019లో కెనడాలోని ఒంటారియోలో, డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులు సుమారు 16 వేల మందిని చూశారు. రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు మించి మొదలుపెట్టినవారిలో వందకు ఒకరికి పైగా నెలలోపే మతి తప్పి ఆసుపత్రిలో చేరారు. డయాలసిస్ దాకా వచ్చినవారికి ఇంకా ప్రమాదం. ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్ళెవరైనా ఇది చదివి చటుక్కున ఆపకండి, డాక్టరుతో మాట్లాడండి.

నాలుగు రోజుల ఎక్కిళ్ళకి కారణం వెతకాలి. డయాలసిస్ ఏదైనా తప్పిందా? యూరియా పెరిగితే ఎక్కిళ్ళు వస్తాయి. ఇంకొకటి కూడా అడుగుతున్నాను, అయిదు అంచులతో, కోస్తే నక్షత్రంలా కనిపించే పుల్లటి పండు తిన్నారా? మీ వైపు ఒడియా మాట్లాడేవాళ్ళు కరమంగా అంటారు, పచ్చడి కూడా చేస్తారు. ఆ పండులో ఉండే విషం మంచి కిడ్నీలున్నవారికి మూత్రంలో పోతుంది. డయాలసిస్ రోగికి ఒక్క పండు చాలు. ముందు ఎక్కిళ్ళు, తర్వాత వాంతులు, మతి తప్పడం, ఫిట్స్. ప్రాణాలు పోయినవాళ్ళు కూడా ఉన్నారు. తిని ఉంటే తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు. పత్రిక నీ చేతికి అందేసరికి ఆలస్యమవుతుందని నీ చిరునామాకి ఈ జవాబే కార్డు మీద రాసి ముందే పంపాను. అందిన వెంటనే మీ డయాలసిస్ సెంటరులోని డాక్టరుకి చూపించు.